అల్లుడి ఇంటికి అడవి దారి

మక్తల్లో పుట్టినవాళ్లకు నడక సరదా అని ఎవరూ నేర్పలేదు. బస్సు వెళ్లిపోతే నడుస్తాం. బస్సు లేని ఊరికి నడుస్తాం. కరువొచ్చిన ఏడు పాలమూరు కూలీలై దేశం మీద పడాల్సొస్తే పిల్లను సంకనేసుకుని, మూట నెత్తిన పెట్టుకుని బస్టాండు దాకా నడుస్తాం. అంతేగానీ ఏ పనీ లేకుండా, ఎవరూ తరమకుండా, ఎండాకాలంలో వీపున బరువేసుకుని అడవిలో నడవడం, రాత్రికి ఆ అడవిలోనే పడుకోవడం, పైగా అందుకోసం ఖరీదైన సామాన్లు కొనడం ఇవన్నీ మా అమ్మాయి పెళ్లయ్యాకే నాకు తెలిశాయి.

అల్లుడుగారిది తెనాలి. ఉద్యోగం అట్లాంటాలో. మనిషి బంగారం. శనివారం వస్తే మాత్రం ఇంట్లో కాలు నిలవదు. వాళ్ల ఊరికి ఉత్తరాన జార్జియా కొండల్లో స్ప్రింగర్ అనే శిఖరం ఉందట. అక్కడ అపలాచియన్ ట్రెయిల్ అనే కాలిబాట మొదలై, 14 రాష్ట్రాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్లు పోయి, మెయిన్ రాష్ట్రంలో కటాడిన్ కొండ మీద ఆగుతుంది. ఇలాంటి దారి ఒకటి ఉంటే బాగుంటుందని 1921లో బెంటన్ మెకాయ్ అనే ఆయన ఒక వ్యాసం రాశాడు. 1937కల్లా దారి తయారైంది. వ్యాసం రాస్తే పని జరగడం నేను విన్నది ఇదొక్కసారే.

కొందరు ఆ దారంతా ఒకే ఊపున ఐదారు నెలల్లో నడిచేస్తారట. మా అల్లుడుగారు సెలవు దొరికినప్పుడల్లా ఒక ముక్క నడుస్తారు. ఈ లెక్కన మెయిన్ రాష్ట్రం ఎప్పటికి చేరతారో, రిటైరైన లెక్కల మాస్టరుగా ఊరుకోలేక, కాగితం మీద వేసి చూశాను. ఆ జవాబు ఆయనకు చెప్పలేదు.

ఈసారి ఉగాదికి ముందు మక్తల్ వచ్చినప్పుడు, కాఫీ తాగుతూ అడిగారు. "మామయ్యగారూ, ఇక్కడ మంచి లాంగ్ ట్రెయిల్ ఏదైనా ఉందాండీ? ఒక రాత్రి బయట పడుకునేలా?"

బయట పడుకోవడానికి ట్రెయిల్ దేనికి, కరెంటు పోయినప్పుడల్లా డాబా మీద అందరం పడుకుంటూనే ఉన్నాం కదా అన్నాను. అలా కాదు, నడిచి వెళ్లి పడుకోవాలన్నారు. సరేనని మా చుట్టుపక్కల చూడదగినవన్నీ వినిపించాను. పంచదేవ్‌పహాడ్ దగ్గర పుట్టి ఎక్కి కృష్ణ దాటితే కురువపురం, శ్రీపాద శ్రీవల్లభుల దీవి. తంగిడి దగ్గర భీమానది వచ్చి కృష్ణలో కలిసే చోటు. ముడుమాల్‌లో ఆదిమానవులు పాతిన నిలువురాళ్లు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు కూడా ఎక్కినవి. అన్నీ శ్రద్ధగా విని, "వీటన్నిటికీ కారు వెళ్తుంది కదండీ" అని పెదవి విరిచారు.

వంటింట్లోంచి మా ఆవిడ, "శ్రీశైలం నడిచి పోరాదుండ్రి? ఉగాది రానే వచ్చె" అంది. ఆమె నన్ను ఇరికించాలని అనలేదు. ఇంట్లోకి పుణ్యం రావాలి, ఇంట్లోంచి మగవాళ్లు రెండు రోజులు బయటికి పోవాలి. ఈ రెండూ ఒక్క దెబ్బకు జరిగే ఉపాయం ఆమెకు తోచింది.

ఉగాది మన పండుగని మనం అనుకుంటాం గానీ, ఆ రోజుల్లో శ్రీశైలం వీధుల్లో తెలుగు మాట చెవిన పడడం అపురూపం. బాగల్‌కోట, విజయపుర, బెళగావి, రాయచూరు దిక్కుల నుంచి కన్నడ భక్తులు ఇసకవేస్తే రాలనంతగా దిగుతారు. చాలామంది నడిచే వస్తారు. వాళ్ల లెక్కలో భ్రమరాంబ తమ ఇంటి ఆడబిడ్డ. మల్లికార్జునుడు అల్లుడు. కాబట్టి వాళ్లు చేసేది తీర్థయాత్ర కాదు, పండక్కి కూతురికి చీరె, పసుపు కుంకుమలు పెట్టి రావడం. లోకంలో ఎక్కడైనా పండక్కి అల్లుడే అత్తారింటికి వస్తాడు. ఈ అల్లుడు కొండ దిగడు. అందుకని అత్తామామలే వందల కిలోమీటర్లు కాళ్లరగదీసుకుంటూ పోవాలి. అమెరికా అల్లుళ్లు ఉన్న మామలందరికీ ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు.

వాళ్లు రాయచూరు నుంచి అయిజ, శాంతినగర్, కర్నూలు మీదుగా ఆత్మకూరు చేరతారు. ఆత్మకూరు దగ్గర వెంకటాపురంలో తారురోడ్డును వదిలేసి నల్లమలలో పడతారు. నాగలూటి, పెచ్చెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారం. నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అదంతా పెద్దపులుల అడవి. మామూలు రోజుల్లో అడుగు పెట్టనివ్వరు. శివరాత్రికీ ఉగాదికీ అటవీశాఖ దారి వదులుతుంది.

ఇదంతా అల్లుడుగారిని భయపెట్టి మానిపించడానికే చెప్పాను. పులి అనగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మక్తల్ నుంచే నడుద్దామన్నారు. నేను పంచె పైకి లాగి రెండు మోకాళ్లూ చూపించాను. చివరికి అడవి ముక్క మాత్రం నడవాలని ఒప్పందమైంది.

మర్నాడు ఆయన సంచీ విప్పి హాలంతా పరిచారు. గుడారం, గాలి ఊదే పరుపు, నిద్రసంచీ, అరచేతిలో పట్టే గ్యాసుపొయ్యి, నీళ్లు వడకట్టే యంత్రం, నుదుటికి కట్టుకునే లైటు, ఎండబెట్టి పొడిచేసిన అన్నం పొట్లాలు, చేతికర్రలు రెండు. ప్రతి వస్తువు బరువూ ఆయనకు గ్రాముల్లో కంఠతా వచ్చు. పళ్లు తోముకునే బ్రష్షుకు పిడి సగం కోసేసి ఉంది. ఎలుక కొరికిందా బాబూ అని మా ఆవిడ కంగారు పడింది. బరువు తగ్గించడానికట. ఆ దారిన నడిచేవాళ్లలో ఇదొక నోము. ఎవరి సంచీ తేలికైతే వాళ్లు గొప్పవాళ్లు.

గ్రాముల సంగతి రూఢి చేసుకోవడానికి సంచీని మా వీధి కిరాణా కొట్టుకు మోసుకుపోయారు. కొట్టాయన కాంటా మీద పెట్టి, తొమ్మిది కిలోల చిల్లర అని తేల్చి, "పల్లీలా సార్?" అని అడిగాడు. అల్లుడుగారు తృప్తిగా ఇంటికొచ్చారు. ఆ తృప్తి రాత్రి భోజనాల దాకా ఉంది. ఆ తరవాత మా ఆవిడ సకినాలు, పల్లిపట్టీలు, నిమ్మకాయ తొక్కు సీసా, పెరుగన్నం డబ్బా, దారిలో గొంతు తడుపుకోవడానికని అరడజను బత్తాయిలు అందులో సర్దింది. "అల్లుడు అడవిల పస్తుంటే రేపు బిడ్డకేం జెప్పాలె?" అన్నది ఆమె ప్రశ్న. దానికి గ్రాముల్లో జవాబు లేదు. పొద్దున్నే ఆ సంచీ భుజానికెత్తుకుంటూ అల్లుడుగారు చేసిన శబ్దం పక్కింటివాళ్లకు వినిపించింది. నా సామాను సంగతా? స్కూలు రోజుల నాటి చేతిసంచీ, అందులో దుప్పటి, లుంగీ, తువ్వాలు, బీపీ మాత్రలు.

కారులో కూర్చుని ఆయన ఫోనులో ఆత్మకూరు అని కొట్టారు. గంటలోపు చేరిపోతామని ఫోను చెప్పింది. నేనేమీ మాట్లాడలేదు. అమరచింత దాటాక ఫోను "మీరు గమ్యం చేరారు" అని ప్రకటించింది. ఆయన దిగి నాలుగు దిక్కులా చూసి, "నల్లమల ఎటువైపండీ?" అన్నారు. ఇది మా పాత సంస్థానం ఆత్మకూరు, వనపర్తి జిల్లా. మనం పోవలసింది నంద్యాల జిల్లా ఆత్మకూరు. ఈ ఆత్మకూరు దాటి, జూరాల డ్యాం దాటి, గద్వాల దాటి, కర్నూలు దాటితే ఆ ఆత్మకూరు వస్తుంది. నెల్లూరులో ఒకటుంది, అనంతపురంలో ఒకటుంది, సూర్యాపేట దిక్కు ఇంకొకటుంది. తెలుగువాళ్లకు ఊళ్లు కట్టే ఓపిక ఉన్నంతగా పేర్లు పెట్టే ఓపిక లేదని చెప్పాను. ముందే ఎందుకు చెప్పలేదని అడిగారు. అల్లుడికీ ఫోనుకూ మధ్య దూరడం మర్యాద కాదు కదా.

ఆ రెండో ఆత్మకూరు దగ్గరికొచ్చేసరికి రోడ్డు మీద నడిచేవాళ్లే ఎక్కువ, బండ్లు తక్కువ. అడుగడుక్కీ షామియానాలు. మజ్జిగ, పులిహోర, నన్నారి షర్బత్, పుచ్చకాయ ముక్కలు. తినకుండా పోతామంటే వాళ్లు చేతులు పట్టుకుని ఆపుతున్నారు. ఒక షామియానాలో ముసలాయన ఒకడు నడిచి వచ్చినవాళ్ల పాదాలకు నూనె రాస్తూ కూర్చున్నాడు. ఇంకా ఒక్క కిలోమీటరు కూడా నడవని మా అల్లుడుగారి బూట్లు విప్పించి, ఆయన కాళ్లూ పట్టాడు. ఈయన సిగ్గుతో మెలికలు తిరిగి "వద్దండీ, వద్దండీ" అంటారు, ఆయనకు తెలుగు రాదు. పెళ్లిపీటల మీద నేను కడిగిన కాళ్లివి. ఆనాడు ఇంత మొహమాటపడినట్టు గుర్తులేదు.

ఈ ఉచితాలు వాళ్ల దారిలోనూ ఉన్నాయని అల్లుడుగారు చెప్పారు. ఊళ్లవాళ్లు రోడ్డు పక్కన మంచుపెట్టెలో కూల్‌డ్రింకులు పెట్టిపోతారట. నడిచేవాళ్లు వాటిని చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటారట. ఇక్కడ మాత్రం కళ్లనీళ్లు పెట్టుకోవడానికి వ్యవధి ఉండదు. ఒక విస్తరి పూర్తయ్యేలోపు ఇంకో షామియానా వాడు లాక్కుపోతాడు.

వెంకటాపురం దాకా ఉన్న రోడ్డు మీద అల్లుడుగారు కర్రలు రెండూ చేతబట్టి, టకటకమని మంచి ఊపులో నడుస్తున్నారు. అందరూ ఆయన్నే చూస్తున్నారు, ఆయనకూ అది తెలుసు. ఇంతలో వెనక నుంచి ఇంకో టకటక వినిపించింది. ఇంటి చూరంత ఎత్తున ఒక మనిషి మమ్మల్ని దాటిపోయాడు. కట్టెకాళ్లు కట్టుకుని నడుస్తున్నాడు. మొక్కు. కన్నడ దేశం నుంచి అలా వచ్చేవాళ్లు కొందరుంటారు. అతడు పైనుంచి వంగి అల్లుడుగారి చేతుల్లోని కర్రలను చూశాడు. చేతుల్లో ఎందుకున్నాయో అర్థంకాక నా వైపు చూశాడు. నాకూ తెలియదని తల అడ్డంగా ఊపాను.

అడవిలో అడుగుపెట్టాక ఎండ మారింది. మార్చి నెలాఖరుకు నల్లమలలో టేకుచెట్ల మీద ఆకు ఉండదు. నీడంతా నేల మీద రాలి ఉంటుంది. కాలి కింద ఎండుటాకులు, వెదురు పొదలు, ఎక్కడో ఇప్పపూలు రాలిన మత్తు వాసన. పాలమూరు ఎండకు పుట్టి పెరిగిన నాకు ఇది పరాయిది కాదు. ఆ ఎండలో గొడుగులు లేవు, నలభై రకాల క్రీములు లేవు, నెత్తిన తడితువ్వాలు ఒక్కటే. అల్లుడుగారు ముఖానికి పూసుకున్న తెల్లటి లేపనం చూసి ఇద్దరు ఆయన్ని జంగమదేవర అనుకుని దండం పెట్టారు.

నాగలూటిలో వీరభద్రస్వామి గుడి దగ్గర ఆగాం. అక్కణ్ణుంచి పైకి రాతిమెట్లు మొదలవుతాయి. 14వ శతాబ్దంలో అద్దంకి నుంచి ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడని చరిత్ర. యుద్ధాలు చేస్తూ, కోటలు కడుతూ, మధ్యలో యాత్రికుల మోకాళ్ల గురించి కూడా ఆలోచించిన రాజు ఆయన. అంతకు ముందే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమని ఒక భాగమంతా ఈ యాత్రకే ఇచ్చాడు. అంటే మెకాయ్ గారు వ్యాసం రాయడానికి కొన్ని వందల ఏళ్ల ముందే ఈ దారిన జనం తొక్కుకుంటూ పోతున్నారు.

నీళ్ల ట్యాంకు దగ్గర అల్లుడుగారు యంత్రం తీశారు. ఒక సంచిలో నీళ్లు పట్టి, గొట్టంలోంచి పిండుతూ సీసాలోకి చుక్కచుక్కగా వదులుతున్నారు. ఒక పెద్దాయన కాసేపు చూసి, కుడి అరచేయి గుంట చేసి ముందుకు చాపాడు. ఈయనకు అర్థంకాలేదు గానీ పోయమన్నట్టుందని కాసిని పోశారు. పెద్దాయన కళ్లకద్దుకుని తాగి, తడిచెయ్యి నెత్తిన రాసుకున్నాడు. అతని వెనక ఇంకొకరు. చూస్తుండగానే వరస తయారైంది. తీర్థం పంచి పంచి అల్లుడుగారి బొటనవేళ్లు వాచాయి. తన సీసా మాత్రం నిండలేదు. చివరికి ఆయన కూడా ట్యాంకు నల్లా కిందే నోరుపెట్టి తాగారు.

ఈ దారిన నడవకుండా పోయినవాళ్లూ ఉన్నారు. ఏనుగుల వీరాస్వామిగారు మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు. 1830 మే 18న కాశీకి బయల్దేరి, దారిలో శ్రీశైలం కూడా చూసుకున్నారు. ఆ ప్రయాణం మీద రాసిన కాశీయాత్ర చరిత్రే తెలుగు యాత్రాసాహిత్యానికి పెద్దదిక్కు. ఆయన వెంట పల్లకీ, బోయీలు, పరివారం ఉన్నాయి. వీరాస్వామిగారి సంచీ బరువు సున్నా గ్రాములు. ఈ సంగతి అల్లుడుగారికి చెబితే, బోయీల సంచీల బరువెంతో రాశారా అని అడిగారు. ప్రశ్న బాగానే ఉంది. ఆ పుస్తకం బోయీలు రాసి ఉంటే మనకు తెలిసేది.

పెచ్చెరువు చేరేసరికి చీకటి పడింది. అక్కడ చెంచుగూడెం ఉంది. యాత్ర రోజుల్లో అన్నదానాలు, మందుల శిబిరం అన్నీ పెడతారు. ఉగాది అంటే అమావాస్య మర్నాడు. కాబట్టి దానికి ముందు రాత్రులన్నీ కటికచీకటి. అల్లుడుగారు నుదుటి లైటు వెలిగించి, జనానికి కాస్త ఎడంగా స్థలం చూసి, గుడారం లేపడం మొదలుపెట్టారు. ఎడంగా ఎందుకు బాబూ అంటే, ప్రశాంతంగా ఉంటుందన్నారు. పులి ఉన్న అడవిలో ప్రశాంతత కోరుకోవడం నేను మొదటిసారి చూశాను.

గుడారం లేచేసరికి చుట్టూ కన్నడ ఆడవాళ్లు మూగారు. వాళ్లలో డెబ్భై దాటిన అవ్వ ఒకామె జిప్పు పైకీ కిందికీ లాగి చూసింది. లోపలికి తొంగి చూసింది. తరవాత మాతో ఒక్క మాటా అనకుండా, తన గుంపులోని ఆడపిల్లల్ని పిలిచి, చీరెలు మార్చుకోవడానికి ఒకరి తరవాత ఒకర్ని లోపలికి పంపడం మొదలుపెట్టింది. చెమటకు తడిసిన బట్టలతో రోజంతా నడిచిన పిల్లలు, మార్చుకునే చాటు దొరికిందని ఎంత సంబరపడ్డారో. వరస ఎప్పటికీ తరగలేదు. గుడారం యజమాని నిద్రసంచీ చంకలో పెట్టుకుని చాలాసేపు నిలబడి, చివరికి అందరితోపాటు టార్పాలిన్ మీదికే వచ్చారు.

తిండి సంచీ ఒకటి మిగిలింది. దాన్ని తాడుతో చెట్టుకొమ్మకు ఎత్తుగా వేలాడగట్టారు. జార్జియా కొండల్లో నల్ల ఎలుగుబంట్లకు అందకుండా అలా కట్టాలట, నియమం. నల్లమలలోనూ ఎలుగుబంట్లున్నాయి కాబట్టి నియమం తప్పలేదు. పొద్దున్నే చూస్తే సకినాలు, పల్లిపట్టీలు, పొడి అన్నం పొట్లాలు అన్నీ కోతులు పంచుకున్నాయి. ఎలుగుబంటి ముట్టుకోలేదు. నిమ్మకాయ తొక్కు సీసా మాత్రం మూత తీసి, వాసన చూసి, పద్ధతిగా కొమ్మ మీద పెట్టేసి పోయాయి. మా ఆవిడకు ఈ విషయం ఇంతవరకు చెప్పలేదు.

కానీ అది పొద్దుటి మాట. రాత్రి అవ్వ మా పక్కనే దుప్పటి పరిచింది. బాగల్‌కోట దిక్కుది. ఆమె సామానంతా ఒక చిన్న మూట. అందులో ఖడక్ రొట్టెలు, శేంగా చట్నీ, గురెళ్ల పొడి, అమ్మవారికి పెట్టే చీరె. ఖడక్ రొట్టె అంటే అప్పడమంత పలచగా కాల్చి ఎండబెట్టిన జొన్నరొట్టె. వారాలు గడిచినా చెడదు, బరువుండదు, పొయ్యి అక్కర్లేదు. అల్లుడుగారు ఒక రొట్టె చేత్తో పట్టుకుని బరువు అంచనా కట్టడం నేను చూశాను. ముఖంలో అసూయ కనిపించింది.

మక్తల్‌వాళ్లకు కన్నడం సగం మాతృభాషే. దుబాసీ పని నా మీద పడింది. ఎక్కడికి అవ్వా అని మాటవరసకు అడిగితే, "అళియన మనిగె హొంటీవి" అంది. అల్లుడి ఇంటికి పోతున్నామని. ఈయన ఎవరని అడిగింది. నా అల్లుడన్నాను. ఆమె సంచీని పైనుంచి కింది దాకా చూసి, నీ కూతురు ఏమైనా ఇంట్లోంచి పంపేసిందా అని ఆరా తీసింది.

ఇన్ని సామాన్లు ఎందుకన్నది ఆమె తరవాతి ప్రశ్న. అల్లుడుగారు ఓపిగ్గా ఒక్కొక్కటీ చూపించారు. ఇది తిండి దొరక్కపోతే. ఇది నీళ్లు దొరక్కపోతే. ఇది దారి తప్పితే. ఇది కాలు విరిగితే ఊదే ఈల. నేను కన్నడంలో చెబుతూ పోతుంటే నాకే ఒక సంగతి తట్టింది. ఆ సంచీలో ఉన్న ప్రతి వస్తువూ, అక్కడ ఇంకో మనిషి ఉండడన్న లెక్క మీద కొన్నది. అవ్వ మూట కట్టుకునేటప్పుడు వేసిన లెక్క వేరు. నీళ్లిచ్చేవాడు ఉంటాడు, దారి చెప్పేవాడు ఉంటాడు, కాలు విరిగితే మోసేవాడు ఉంటాడు. లెక్కల మాస్టరుగా చెప్పాలంటే రెండు జవాబులూ ఒప్పే. జార్జియా కొండల్లో అవ్వ మూటతో పోతే రెండో రోజుకు కష్టం. పెచ్చెరువులో ఈల ఊదితే నూటయాభై మంది వచ్చి అన్నం తిన్నావా అని అడుగుతారు.

మా దగ్గరా ఒక అవ్వ ఉంది అంటూ అల్లుడుగారు ఎమ్మా గేట్‌వుడ్ కథ ఎత్తుకున్నారు. 1955లో, 67 ఏళ్ల వయసులో, 11 మంది పిల్లల తల్లి, ఆ అపలాచియన్ దారంతా ఒంటరిగా నడిచేసింది. గుడారం లేదు, నిద్రసంచీ లేదు. తానే కుట్టుకున్న గుడ్డసంచీ, కాన్వాస్ బూట్లు, వానకు కప్పుకోవడానికి బాత్రూము కర్టెను. ఇంట్లో మాత్రం కాస్త నడిచొస్తానని చెప్పి బయల్దేరిందట. అవ్వ ఈ కథ ఎంత శ్రద్ధగా విన్నదంటే, గురెళ్ల పొడి నంజుకోవడం మానేసింది.

"ఆమె అల్లుడిది ఏ ఊరు?" అని అడిగింది.

అల్లుడి దగ్గరికి కాదు, ఊరికే నడిచిందన్నాను. నమ్మలేదు.

"మరి చివర ఏ దేవుడున్నాడు?"

అల్లుడుగారు కాస్త ఆలోచించి, దేవుడు లేడు, కొండ మీద ఒక చెక్కబోర్డు ఉంటుంది, నడిచొచ్చిన వాళ్లంతా దాన్ని కౌగిలించుకుని ఏడుస్తారు అన్నారు. నేను అలాగే చెప్పాను. అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత నెమ్మదిగా, "దానికి చీరె ఎవరు పెడతారు?" అంది.

ఈ ప్రశ్నకు అల్లుడుగారి దగ్గర జవాబు లేదు. తేలిక సామాను గురించి మళ్లీ ఏదో మొదలుపెట్టబోతే, అవ్వ అక్కమహాదేవి పేరెత్తింది. 12వ శతాబ్దంలో అక్క ఇదే మల్లన్న కోసం నడిచి వచ్చింది. ఒంటి మీద బట్ట కూడా అక్కర్లేదని వదిలేసి, తన జుట్టే కప్పుకుని వచ్చింది. "ఆమె ఏం మోసుకొచ్చిందప్పా?" అని అవ్వ అటు తిరిగి పడుకుంది. అల్లుడుగారు కోసిన బ్రష్షును సంచీ అడుక్కు తోసేశారు.

మర్నాడు మఠంబావి గడిచాక భీమునికొలను. నడిచేవాళ్ల దగ్గర డబ్బులుండవు గానీ దేవుడు వడ్డీతో సహా వసూలు చేసే చోటు ఇదే. ముందు ఒక లోయలోకి మెట్లు దింపుతారు. దిగిన ప్రతి మెట్టుకూ మోకాలు లెక్క రాసుకుంటుంది. అడుగున కొలను, చల్లటి రాళ్లు, స్నానాలు. ఇక్కడే ఉండిపోదామనిపించేంత బాగుంటుంది. తల పైకెత్తితే అవతలి గట్టున మళ్లీ మెట్లు. నిలువుగా ఉంటాయి, ఒకదానికొకటి పొంతన ఉండదు. ఒకటి జానెడు, ఇంకోటి మొలలోతు. పైనెక్కడో కైలాసద్వారం. దానికా పేరు పెట్టినవాడు తప్పకుండా కింది నుంచి ఎక్కి వచ్చినవాడే, కారులో వచ్చినవాడు కాదు.

సగం మెట్ల దగ్గర అల్లుడుగారు సంచీ దించి కూర్చున్నారు. నేను అంతకు చాలా మెట్ల కిందే కూర్చున్నాను. ఇంతలో అవ్వ గుంపులోని కుర్రాడొకడు దిగివచ్చి, ఏమీ అడక్కుండా సంచీ ఎత్తి తన నెత్తిన పెట్టుకుని ఎక్కేశాడు. వీపున మోయడానికి పట్టీలు, బకిళ్లు, నడుముకు దూదిబెల్టు, అన్నీ ఉన్న సంచీ అది. వాడు దాన్ని నెత్తిన, అదీ అడ్డంగా పెట్టుకుని పోయాడు. అల్లుడుగారు అందుకు నొచ్చుకున్నట్టు కనిపించారు గానీ వద్దని మాత్రం అనలేదు. నన్ను ఇద్దరు ఆడవాళ్లు చెరో రెక్కా పట్టుకుని, మల్లయ్యా, మల్లయ్యా అంటూ పైకి లాగేశారు. ఆ మల్లయ్య దేవుడో నేనో విచారించే ఊపిరి నాకు లేదు.

శ్రీశైలంలో దర్శనం వరస గురించి రాయను. ఆ నడక ముందు ఇది లెక్కలోకి రాదు. అవ్వ చీరె అమ్మవారికి చేరింది. బయటికొచ్చాక మా అల్లుడుగారికి ఒక తెల్ల తువ్వాలు మెడలో వేసి, చేతిలో కొబ్బరిచిప్ప పెట్టి, అల్లుడు ఎవరి అల్లుడైనా వట్టి చేతుల్తో పంపకూడదంది. ఈయన వంగి కాళ్లకు దండం పెట్టారు. దండం పెట్టి మళ్లీ లేవడానికి నా చెయ్యి కావాల్సొచ్చింది.

వచ్చేటప్పుడు నడిచినవాళ్లంతా పోయేటప్పుడు బస్సుకే పోతారు. కర్నూలు బస్సు వచ్చేసరికి స్టాండులో ఉన్న కర్ణాటక అంతా దాని మీద పడింది. అవ్వ తన మూట కిటికీలోంచి సీటు మీదికి విసిరింది. అల్లుడుగారు తన సంచీతోనూ ఆ పని చేయబోయారు. కిటికీ ఊచల్లోంచి అది పట్టదు. నిలువుగా ప్రయత్నించారు, అడ్డంగా ప్రయత్నించారు, సగం దూర్చి ఇరికించారు. లోపల ఒకాయన కాళ్లు తన్నిపెట్టి దాన్ని బయటికి నెట్టాడు. మేము ఎక్కేసరికి అవ్వ కిటికీ పక్కన హాయిగా కూర్చుని, తన మూట మీద చెయ్యివేసి, నా కోసం ఇంకో సీటు ఆపి ఉంచింది. అల్లుడుగారికి నిలబడే చోటు దొరికింది. సంచీకి అదీ దొరకలేదు.

దోర్నాల దాటాక కండక్టరు జనాన్ని చీల్చుకుంటూ వచ్చి నడవలో తట్టుకుని పడబోయాడు.

"ఈ సంచీ ఎవరిదయ్యా? లగేజీ టికెట్టు తీయాలి."

బ్రష్షు పిడి దగ్గర్నుంచి ప్రతి గ్రామూ కంఠతా వచ్చిన మనిషి, బస్సు పైకప్పు వైపు చూస్తూ, "మా మామయ్యగారిదండీ" అన్నారు.

అల్లుడి మాట తీసేయలేక టికెట్టు నేనే తీశాను.